బఖరాఖ్‌కి రెండు గంటలు చాలవు

(ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఈ రోజు ఒక్క ఊరి గురించే మాట్లాడతాను. బఖరాఖ్. మీలో చాలామంది ఆ ఊరి పక్కనుంచి వెళ్ళే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. ఒక శనివారం వాళ్ళని రైన్ నది మీద షిప్పు ఎక్కిస్తాం, లోరెలై కొండ చూపిస్తాం, మధ్యలో ఎక్కడో దిగి ఐస్‌క్రీం తింటాం, నాలుగు ఫొటోలు తీసుకుంటాం, తర్వాతి షిప్పు ఎక్కేస్తాం. ఆ మధ్యలో ఎక్కడో దిగిన ఊరే బఖరాఖ్. దిగామని కూడా గుర్తుండదు, అవునా కాదా?

రెండు గంటల్లో అయిపోయే ఊరు కాదది. వీధిలో నిలబడితే ఊరు సగమే కనిపిస్తుంది. మిగతా సగం కొండ వాలు మీదుంది, నదిలో ఉంది. అందుకని ముందు వాలు ఎక్కాలి, సాయంత్రం గ్లాసు పట్టుకోవాలి, రాత్రి అక్కడే పడుకోవాలి, మర్నాడు షిప్పులో దిగువకి పోవాలి. ఈ వరస మారిస్తే ఎందుకు దెబ్బతింటుందో ఒక్కొక్కటే చెప్తాను.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. బింగెన్ దగ్గర మొదలుపెట్టి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్లు, రైన్ కొండల మధ్య ఇరుకులో పారుతుంది. 2002లో ఆ మొత్తం లోయని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన పాపికొండల దగ్గర గోదావరి ఇరుకు తలుచుకోండి. కాకపోతే ఇక్కడ రెండు ఒడ్లనా రోడ్డుంది, రెండు ఒడ్లనా రైలుంది, వంపు తిరిగిన చోటల్లా ఒక కోట ఉంది. బఖరాఖ్ ఎడమ ఒడ్డున ఉంటుంది. జనాభా రెండు వేల లోపు. ఒడ్డున తెల్లబోర్డుల మీద నల్లటి పెద్ద అంకెలు కనిపిస్తాయి, చూశారా? అవి నది కిలోమీటర్లు. కోన్‌స్టాంజ్ వంతెన దగ్గర సున్నాతో మొదలుపెట్టి లెక్కేస్తారు. అర కిలోమీటరు దగ్గర అంకె ఉండదు, కూడిక గుర్తులాంటి అడ్డగీత ఉంటుంది. బింగెన్ ఇరుకు 530 దగ్గర, బఖరాఖ్ 543, కౌబ్ ఊరు 546, లోరెలై 554 దాటాక, సాంక్ట్ గోవార్ 556. ఈ నాలుగైదు అంకెలు గుర్తుంటే చాలు, షిప్పులో కూర్చుని ఎక్కడున్నామని ఎవరినీ అడగక్కర్లేదు. సిగ్నల్ లేని చోట ఫోన్ మ్యాప్ కన్నా ఇదే నయం.

ఇంత చిన్న ఊరికి అంత పెద్ద గోడ ఎందుకు? అన్ని బురుజులెందుకు? 14వ శతాబ్దంలో కట్టిన గోడ అది, చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉంది. కారణం రాళ్ళు. 530 దగ్గర నది అడుగున గట్టి రాతి అడ్డు ఉండేది. బింగెర్ లోఖ్ అంటారు. పెద్ద ఓడలు దాన్ని దాటలేకపోయేవి. అందుకని ఎగువన, రైన్‌గావ్ వైపు నుంచీ రైన్‌హెస్సెన్ వైపు నుంచీ, వైన్ పీపాలు చిన్న పడవల్లో వచ్చేవి. 13 కిలోమీటర్లు దిగువన ఉన్న బఖరాఖ్‌లో క్రేన్‌తో దింపి పెద్ద ఓడల్లోకి ఎక్కించేవాళ్ళు. అక్కణ్ణించి కొలోన్ దాకా, ఆ పైకీ. దాంతో ఏమైంది? ఎక్కడెక్కడి వైనూ బఖరాఖ్ వైన్ పేరుతోనే అమ్ముడుపోయింది. ఊరికి రేవు డబ్బు, ఊరి ప్రభువుకి సుంకం డబ్బు. ఆ డబ్బే ఆ గోడ. నది వైపు గోడలో మూడు ద్వారాలుంటాయి: మార్క్‌ట్‌టోర్ అంటే సంత ద్వారం, మ్యూంజ్‌టోర్ అంటే నాణేల ద్వారం, క్రానెన్‌టోర్ అంటే క్రేన్ ద్వారం. పీపాలు దిగింది ఆ మూడో ద్వారం ముందరే. అక్కడ ఒక నిమిషం ఆగండి. గోడకీ నదికీ మధ్య ఇప్పుడు రైలు కట్ట అడ్డొచ్చింది, దాని అవతల బీ 9 రోడ్డు వచ్చింది. అందుకే రేవు ఊరికి సంబంధం లేనట్టు కనిపిస్తుంది. ఆ రెంటినీ మనసులో తీసేసి చూడండి, లెక్క అర్థమవుతుంది. బింగెన్ రాళ్ళని 19వ శతాబ్దంలో ప్రష్యా ప్రభుత్వం పేల్చడం మొదలుపెట్టింది, ఆ పని 1970ల దాకా సాగింది. రాళ్ళు పోయాక బఖరాఖ్‌లో ఓడ ఆగాల్సిన పనీ పోయింది. డబ్బు పోయింది కాబట్టే పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కట్టలేదు. మనం ఫొటోలు తీసుకునేది ఆ పేదరికానికే అనుకోండి.

ఇక వెళ్ళడం సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్‌కి ఎస్ 8 లోకల్ రైలు. మైంజ్‌లో ఆర్‌బీ 26 అనే ప్యాసింజరు ఎక్కాలి, కోబ్లెంజ్ మీదుగా కొలోన్ వైపు పోయే మిట్టెల్‌రైన్‌బాన్. గంటకొకటి ఉంటుంది, బఖరాఖ్‌లో ఆగుతుంది. మారే చోట ఆగడంతో కలిపి గంటన్నర, రెండు గంటల మధ్య వేసుకోండి. ఐసీలు, ఐసీఈలు, అంటే దూరం పోయే ఎక్స్‌ప్రెస్ రైళ్ళు, అక్కడ ఆగవు, కాబట్టి వాటి టికెట్ల జోలికి పోకండి. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా లోకల్ రైళ్ళకీ బస్సులకీ చెల్లే నెలవారీ పాసు, ఉన్నవాళ్ళకి, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు కదా, దారి మొత్తం అందులోనే వచ్చేస్తుంది. అది షిప్పుకి చెల్లదు. ఈ మాట మళ్ళీ చెప్తున్నాను, షిప్పుకి చెల్లదు. రేవు దగ్గరికెళ్ళి ఫోన్ చూపించి వాదించేవాళ్ళు ప్రతి వారాంతం కనిపిస్తారు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కుడి ఒడ్డున ఇంకో రైలుంది. ఆర్‌బీ 10. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వీస్‌బాడెన్, ర్యూడెస్‌హైమ్, లోర్ఖ్, కౌబ్ మీదుగా పోతుంది. మ్యాప్‌లో చూస్తే బఖరాఖ్ దాని పక్కనే, వేలెడు దూరంలో ఉంటుంది. మధ్యలో నది ఉందన్న సంగతి దిగాక తెలుస్తుంది! మైంజ్‌కీ కోబ్లెంజ్‌కీ మధ్య రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. ఒక్కటి కూడా లేదండీ. ఉన్నవన్నీ బల్లకట్లే, కార్లు ఎక్కే ఫెర్రీలు. కౌబ్‌లో దిగినవాళ్ళు ఫెర్రీ మీద దాటొచ్చు, కానీ అవతలి ఒడ్డున దిగేది బఖరాఖ్‌కి సుమారు మూడు కిలోమీటర్లు దిగువన. పెట్టె లాక్కుంటూ బీ 9 పక్కన ఎగువకి నడవాలి. ఫెర్రీ రాత్రుళ్ళు నడవదు. ఆఖరి ట్రిప్పు తప్పిందా, మళ్ళీ వెనక్కి వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి. తిరుగు ప్రయాణంలోనూ ఇంతే. వైన్ తాగిన సాయంత్రం ఎవరో "అవతల ఇంకో రైలుందటగా" అంటారు. ఆ మాట నమ్మకండి. ఎడమ ఒడ్డునుంచి వచ్చారా, ఎడమ ఒడ్డునే వెళ్ళండి.

ఇంకొకటి. బింగెన్‌కి రెండు స్టేషన్లున్నాయి, బింగెన్ హౌప్ట్‌బాన్‌హోఫ్, బింగెన్ స్టాట్ అని. అక్కణ్ణించే షిప్పు ఎక్కాలనుకుంటే స్టాట్‌లో దిగండి, రేవుకి అది దగ్గర. పెద్ద స్టేషన్ అన్న పేరు చూసి హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో దిగితే నది వెంట బాగా నడవాలి, ఈలోగా షిప్పు పోతుంది.

ఊళ్ళో దిగాక, సామాను బసలో పడేసి ముందు నడక. భోజనం తర్వాత, వైన్ ఇంకా తర్వాత. ఈ వరస ఎందుకంటే, ద్రాక్ష వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది. జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఆ పలకరాళ్ళ మీంచి వేడి సెగలా కొడుతుంది, చెట్టు నీడ ఉండదు. పదకొండు లోపు ఎక్కాలి, లేదా సాయంత్రం అయిదు దాటాక. మనిషికి లీటరు నీళ్ళు. వాన పడిన మర్నాడైతే నున్నటి అరికాలున్న చెప్పులు వేసుకోకండి. పలకరాయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. ఎక్కేటప్పుడు ఏం కాదు, దిగేటప్పుడే పడతారు.

స్టేషన్ నుంచి ఒబర్‌స్ట్రాసె పట్టుకుని నడిస్తే సాంక్ట్ పీటర్ చర్చి వస్తుంది, దాని దగ్గర్లోనే ఆల్టెస్ హౌస్, పాత ఇల్లు. 1368లో మొదలైందని చెప్తారు, తర్వాత మార్పులు చేస్తూ వచ్చారు. దాని ముందు ఎప్పుడూ జనమే. కాసేపు కర్రలు చూడండి. ఓక్ దూలాలతో ముందు చట్రం నిలబెడతారు, ఆ గళ్ళలో పుల్లలు అల్లి, మట్టీ గడ్డీ కలిపి మెత్తుతారు, పైన సున్నం. గోడ బరువు మొయ్యదు, మోసేదంతా చట్రమే. అందుకే ఇల్లు వంగినా కూలదు. దూలాల అతుకుల దగ్గరికెళ్ళి చూస్తే మేకులు కనపడవు, కొయ్య చీలలు కనపడతాయి. చీల చివర గోడకి కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఎండకి నల్లబడి. పై అంతస్తు కింది అంతస్తు కన్నా ముందుకి వచ్చి ఉంటుంది, సందులో నడుస్తుంటే ఆకాశం సన్నటి గీతలా మిగులుతుంది.

చర్చి వెనక మెట్లుంటాయి. అవి ఎక్కితే వెర్నర్ చాపెల్. పైకప్పు లేదు, కిటికీ అద్దాలు లేవు, ఎర్రటి ఇసుకరాయి తోరణాలు మాత్రం ఉన్నాయి. అందంగా ఉంటుంది, అందరూ అక్కడే ఫొటో దిగుతారు. అది ఎందుకు కట్టారో తెలుసుకుని దిగండి. 1287లో వెర్నర్ అనే కుర్రాడు చనిపోతే, యూదులే చంపారని ఒక అబద్ధం పుట్టించారు. ఆ అబద్ధం మీద రైన్ లోయ ఊళ్ళలో యూదుల్ని ఊచకోత కోశారు. ఆ కుర్రాణ్ణి సెయింట్ అన్నారు, 1289లో చాపెల్ మొదలుపెట్టారు. కాథలిక్ చర్చి ఆ పండుగని 1963లో తీసేసింది. అక్కడ ఒక ఫలకం ఉంది, యూదులకి జరిగిన అన్యాయానికి క్షమాపణ అడిగే ప్రార్థన అది. దాన్ని చదవండి, పిల్లలకీ చదివి చెప్పండి. చాపెల్‌కి కప్పు లేకపోవడానికి కారణం వేరే. 1689లో ఫ్రెంచి సైన్యం పైనున్న ష్టాలెక్ కోటని మందుగుండు పెట్టి పేల్చేసింది. ఆ రాళ్ళు దీని మీద పడ్డాయి.

ఇంకా పైకి పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కితే ష్టాలెక్. శిథిలంగా ఉన్నదాన్ని 1920లలో మళ్ళీ కట్టి యూత్ హాస్టల్ చేశారు. ఇప్పటికీ యూత్ హాస్టలే. విద్యార్థులు వినండి, మీకు పనికొచ్చేది ఇదే! 12వ శతాబ్దపు కోటలో పడక, పొద్దున టిఫిను, హోటల్ ధరలో కొంత. దానికి జర్మన్ యూత్ హాస్టల్ సంఘం సభ్యత్వ కార్డు ఉండాలి, కుటుంబానికంతటికీ ఒక కార్డు చాలు. వేసవి వారాంతాలకి నెలల ముందే నిండిపోతుంది. స్కూలు పిల్లల గుంపు దిగిన రోజైతే రాత్రి పది దాకా గోల ఉంటుంది, దానికి సిద్ధపడండి. బస చెయ్యనివాళ్ళు కూడా ఆవరణలోకి వెళ్ళి లోయని చూడొచ్చు. కందకంలో నీళ్ళుంటాయి, జర్మనీలో కొండ మీది కోటకి అలా నీళ్ళున్న కందకం చాలా అరుదు. పెట్టెలు మెట్ల మీద మొయ్యకండి, వెనకవైపు రోడ్డుంది, టాక్సీలో పంపించేయండి.

ష్టాలెక్ చూసి దిగిపోతారు అందరూ. అది సగం నడకే. దిగాక ఊరు దాటి, వెనకున్న ష్టేగ్ అనే పల్లె వైపు నుంచి వచ్చే చిన్న వాగు అవతల, ఎదుటి వాలు మీద పోస్టెన్‌టుర్మ్ అనే బురుజుంది. ద్రాక్షతోటల మధ్యలోంచి దారి, బోర్డులుంటాయి, ఊరి గోడ వెంబడి తిరిగే బాటలో భాగం అది. ఆ బురుజు ఎక్కి చూస్తే ఊరి కప్పులు, వెర్నర్ చాపెల్, పైన కోట, కింద నది, అన్నీ ఒక్క చూపులో వస్తాయి. మీరు పోస్టుకార్డు మీద చూసే బఖరాఖ్ ఆ చోటునుంచి తీసిందే. పొద్దున వెలుగు కోట వైపు పడుతుంది కాబట్టి ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు ఇక్కడికి ముందు రండి, కోటకి తర్వాత వెళ్ళండి. స్ట్రోలర్ ఈ దారుల్లో దేంట్లోనూ పోదు. చంటిపిల్లలుంటే వీపు మీద కట్టుకునే సంచీ తెచ్చుకోవాలి, లేదంటే ఒకళ్ళు కిందే ఆగాలి.

తోటల మధ్య నడుస్తున్నప్పుడు నేల చూడండి. మట్టి కాదు, నల్లటి పలకరాయి ముక్కలు. చిన్నప్పుడు బళ్ళో బలపంతో రాసిన పలక ఉందే, ఆ జాతి రాయే. పగలు ఎండని పీల్చుకుని రాత్రి వదులుతుంది. నీళ్ళు నిలవవు, వేరు ఆ పొరల సందుల్లోంచి లోతుకి పోతుంది. జర్మనీ ఉత్తరాన ఉంది, చలిదేశం, ఇక్కడ ద్రాక్ష పండడానికి సూర్యుడు సరిపోడు. సూర్యుడికి ఎదురుగా వాలు ఉండాలి, వేడి దాచే రాయి ఉండాలి, వెలుగుని తిప్పికొట్టే నీళ్ళుండాలి. మూడూ ఒకేచోట దొరికేది ఇలాంటి నది వంపుల్లోనే. బఖరాఖర్ హాన్ అని పేరుపడ్డ వాలు నదిని ఆనుకునే ఉంటుంది. పండేది ముఖ్యంగా రీస్లింగ్, తెల్లద్రాక్ష. నదిలో ఊరికి ఎదురుగా ఒక లంక కూడా ఉంది, దాని మీదా తోట ఉంది, అక్కడికి పడవ మీద పోయి పని చేసుకుని రావాల్సిందే.

మరి అంత బాగుంటే ఆ పొదలెక్కిన వాలులేమిటి అని అడగరేం? నదికి రెండువైపులా చూడండి, రాతి కట్టలు మెట్లు మెట్లుగా ఉంటాయి, వాటి మీద ద్రాక్ష ఉండదు, ముళ్ళపొదలుంటాయి. అవన్నీ ఒకప్పటి తోటలే. 30 శాతం వాలు దాటితే నిటారు తోట కింద లెక్క. ట్రాక్టరు ఎక్కదు. కత్తిరింపు, కట్టడం, ఆకు తుంచడం, కోత, అన్నీ చేత్తోనే. ఒంటి రైలు పట్టా మీద చిన్న మోటారు బండి పైకి పోతుంది కొన్నిచోట్ల, అంతే. చదును నేల మీది తోటతో పోలిస్తే పని కొన్ని రెట్లు, సీసా ధర మాత్రం అన్ని రెట్లు రాదు. కొడుకులు మైంజ్‌లో ఉద్యోగం చూసుకుంటారు. మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మిట్టెల్‌రైన్ అనే ఈ వైన్ ప్రాంతం మొత్తం కలిపినా తోటలు 500 హెక్టార్ల లోపే. అందుకని ఆ సీసాకి పన్నెండు యూరోలంటే సూపర్‌మార్కెట్ ధర చెప్పి బేరమాడకండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే కోత చూడొచ్చు. పండ్లు మాగే వారాల్లో కొన్ని దారులు మూసి బోర్డు పెడతారు, దాటి వెళ్ళకండి. ఒక్క గుత్తే కదా అని తెంపకండి కూడా.

ఇప్పుడు గ్లాసు దగ్గరికొద్దాం. తాగనివాళ్ళు నిద్రపోకండి, మీకూ ఉంది.

సీసా మీద ఏం చూడాలి? ట్రోకెన్ అంటే పొడి వైన్, తీపి తెలియనిది, చక్కెర లీటరుకి 9 గ్రాముల దాకా ఉండొచ్చు. హాల్బ్‌ట్రోకెన్ అంటే 18 దాకా. ఫైన్‌హెర్బ్ అని రాసుంటే దానికి చట్టంలో కొలత లేదు, కొంచెం తియ్యన అని అర్థం చేసుకోండి. ఏమీ రాయలేదనుకోండి, అప్పుడు ఆల్కహాల్ శాతం చూడండి. ఇది బాగా పనికొచ్చే చిట్కా. ద్రాక్షలో చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. 8 శాతం ఉందంటే పులియడం మధ్యలో ఆపేశారు, చక్కెర మిగిలింది, తియ్యగా ఉంటుంది. 12 ఉందంటే అంతా పులిసిపోయింది, పొడి వైన్. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అన్న మాటలు తీపిని చెప్పవు, కోసేనాటికి పండు ఎంత పండిందో చెప్తాయి. ష్పేట్‌లేజె ట్రోకెన్ కూడా ఉంటుంది. దుకాణంలో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

రుచి చూసేటప్పుడు పొడివి ముందు, తియ్యనివి ఆఖరున. తిరగేస్తే పొడి వైన్ నిమ్మరసంలా పుల్లగా తగులుతుంది, వైన్ బాగాలేదంటారు. గ్లాసు మీద సన్నటి గీత, పక్కన 0.1 అనో 0.2 అనో అంకె ఉంటుంది, పోసేది ఆ గీత దాకా. 0.1వి ఆరు తాగితే 600 మిల్లీలీటర్లు, సీసాకి కొంచెం తక్కువ. లెక్క పెట్టుకోండి! తిరిగే చెక్క పళ్ళెంలో పదిహేను రకాలు చిన్న గ్లాసుల్లో పెట్టి ఇచ్చే చోటు కూడా ఉంది ఊళ్ళో. అది ఇద్దరో ముగ్గురో పంచుకునేది, ఒక్కరికి కాదు. మధ్యమధ్య నీళ్ళు తాగండి, ఉమ్మే గిన్నె పెడితే వాడండి, అక్కడ అది అమర్యాద కాదు. చిన్న తోటలవాళ్ళ దగ్గరికి చెప్పకుండా వెళ్తే తలుపు తియ్యకపోవచ్చు, కోతల్లో అసలు తియ్యరు. ముందు ఫోన్ చెయ్యండి. రుచికి డబ్బు తీసుకోకపోతే రెండు సీసాలైనా కొనడం మర్యాద.

గుమ్మం మీద ఆకుల గుత్తి వేలాడుతుంటే అది ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్. తోట యజమాని తన ఇంట్లోనే, తన వైన్ మాత్రమే, ఏడాదికి నాలుగు నెలలు మించకుండా, 40 కుర్చీలు మించకుండా అమ్ముకోవచ్చు. చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. ధర తక్కువ, తిండి సాదా. నోట్లు, చిల్లర దగ్గరుంచుకోండి, కార్డు తీసుకుంటారని నమ్మకం లేదు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. ఉల్లిపాయ టార్ట్ ఉంటుంది, జ్వీబెల్‌కూఖెన్. పేరు చూసి ఉల్లిపాయే కదా అనుకుంటారు. అందులో సాధారణంగా పంది కొవ్వు ముక్కలు వేస్తారు. ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి కాల్చిన రొట్టె కూడా అంతే. "ఓనె ష్పెక్", అంటే ఆ ముక్కలు లేకుండా, అని అడగండి. ఫ్లామ్‌కూఖెన్ అప్పటికప్పుడు కాలుస్తారు కాబట్టి వెయ్యకుండా ఇస్తారు. టార్ట్ పొద్దునే చేసి ఉంటుంది, అది మార్చలేరు. ష్పుండెకేస్ అని జున్ను ముద్ద, ప్రెట్జెల్‌తో ఇస్తారు, అది నిశ్చింతగా తినొచ్చు. తాగనివాళ్ళు ట్రౌబెన్‌జాఫ్ట్ అడగండి, ఆ తోటలదే ద్రాక్షరసం, సీసాల్లో ఇంటికీ అమ్ముతారు. చాలా తియ్యగా ఉంటుంది, సగం సోడా కలుపుకుంటే బాగుంటుంది.

ఫెడర్‌వైసెర్ గురించి కూడా చెప్పాలి. శరత్కాలంలో దొరికే, ఇంకా పులుస్తున్న కొత్త వైన్. మూతకి కావాలనే గాలి పోయే సందు వదుల్తారు. దాన్ని బ్యాగులో పడుకోబెట్టి రైలెక్కితే బట్టలన్నీ తడుస్తాయి. పోనీ అని మూత బిగిస్తే గ్యాస్ నిండి సీసా పగలొచ్చు. నిలబెట్టే పట్టుకెళ్ళాలి, రెండు మూడు రోజుల్లో తాగెయ్యాలి. తియ్యగా ఉంది కదా అని పిల్లలకి ఇవ్వకండి, అందులో ఆల్కహాల్ ఉంది.

మన వంటతో ఏది కుదురుతుందని ఎవరో చీటీ పంపారు. కారంతో పొడి వైన్ పెట్టుకోకండి, ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది. ఫైన్‌హెర్బ్, లేదా తియ్యటి కాబినెట్, బాగా చల్లగా. అందులో మిగిలిన చక్కెర కారాన్ని దించుతుంది, పులుపు గోంగూర పులుపుతో సరిపోతుంది. ఆవకాయ పక్కన మాత్రం ఏదీ నిలవదు, మజ్జిగే గతి.

కారులో వెళ్ళేవాళ్ళకి: రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.5 ప్రొమిల్లె, అంటే వెయ్యికి అర వంతు. కొత్త లైసెన్సు తీసుకుని రెండేళ్ళు నిండనివాళ్ళకీ, 21 లోపువాళ్ళకీ సున్నా. 0.3 ఉన్నా బండి తప్పుగా నడిపారంటే కేసే. వైన్ ఊరికి కారెందుకండీ అసలు?

రాత్రి సంగతి. బఖరాఖ్‌లో నిద్ర పోవాలంటే గది ఎంచుకోవడం తెలియాలి. రైన్ కనిపించే గది అని ఎక్కువ డబ్బు పెట్టి తీసుకుంటారు. రైన్ కనిపించే గదికి రైలు కూడా కనిపిస్తుంది. రెండు ఒడ్లనా తెల్లవార్లూ గూడ్సు బళ్ళు పోతూనే ఉంటాయి, కొండలు ఆ చప్పుడిని పట్టి తిరిగి వదుల్తాయి. 2020 చివర నుంచి పాత బ్రేకుల వ్యాగన్లని నిషేధించాక కొంత తగ్గింది, పోలేదు. వాగు వైపు, కొండ వైపు గది అడగండి. లేదా ష్టేగ్‌లో ఉండండి, ఊరి వెనక వాగు వెంట లోపలికి ఉంటుంది. నిద్ర తేలికైనవాళ్ళు చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా చాలా బసలు, హోటళ్ళు మూసేస్తారు, షిప్పులూ ఉండవు. మిగతా నెలల్లోనూ సోమవారం, మంగళవారం వంటశాలలు మూసే చోట్లు ఎక్కువ. శనివారం రాత్రి ఉండి ఆదివారం వచ్చెయ్యడం మంచిది, కాకపోతే ఆదివారం దుకాణాలుండవు, నీళ్ళు, పళ్ళు శనివారమే కొనుక్కోవాలి.

మర్నాడు షిప్పు. దిగువకే ఎక్కండి. బఖరాఖ్ నుంచి సాంక్ట్ గోవార్‌కి దిగువకి ముప్పావుగంట, అదే ఎగువకి వస్తే గంట దాటుతుంది, ప్రవాహానికి ఎదురెక్కాలి కదా. కొంతమందికి ఆ నెమ్మదే ఇష్టం, వాళ్ళిష్టం. కేడీ కంపెనీ షిప్పులు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. రోజుకి కొన్నే ఉంటాయి కాబట్టి వేళలు ముందు రాత్రే చూసుకోండి. కుడివైపు కూర్చోండి. కౌబ్, దాని పైన గూటెన్‌ఫెల్స్ కోట, తర్వాత 132 మీటర్ల లోరెలై, అన్నీ కుడి ఒడ్డునే. ఎడమకి తల తిప్పాల్సింది ఓబర్‌వేజెల్ దగ్గర ఒక్కసారి, ష్యోన్‌బుర్గ్ కోటకి. కౌబ్ ముందు నది మధ్యలో రాతి ఓడలా నిలబడ్డ కట్టడం ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్. 1326, 27 ప్రాంతంలో సుంకం వసూలుకే మొదలుపెట్టారు. ఎగువ వైపు కొన ఎందుకు సూదిగా ఉంది? చలికాలం కొట్టుకొచ్చే మంచుగడ్డల్ని చీల్చడానికి. సాంక్ట్ గోవార్‌లో దిగితే అదే ఆర్‌బీ 26, పావుగంటలోపు మళ్ళీ బఖరాఖ్, లేదా నేరుగా మైంజ్.

బయల్దేరే ముందు కౌబ్ నీటిమట్టం చూడండి. ఆన్‌లైన్‌లో రోజూ ఉంటుంది. దిగువ రైన్‌కీ ఎగువ రైన్‌కీ మధ్య లోతు తక్కువ ఉన్న చోటది, అందుకే మొత్తం నది వ్యాపారం ఆ ఒక్క అంకె మీద ఆధారపడుతుంది. ఆ అంకె నది లోతు అనుకోకండి. 78 సెంటీమీటర్లు అని ఉంటే ఓడల దారిలో 1.90 మీటర్ల నీళ్ళున్నట్టు. 2018 అక్టోబరులో 25కి పడిపోయింది, ఒడ్డునుంచి నడిచి ఆ ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్ దాకా వెళ్ళారు జనం. అలాంటప్పుడు షిప్పులు కొన్ని రేవుల్లో ఆగవు. వరదొస్తే ఇంకో లెక్క: 460 దాటితే ఓడలకి ఆంక్షలు, 640 దాటితే రాకపోకలన్నీ బంద్. షిప్పు లేదంటే రోజు పాడైందనుకోకండి. ఒడ్డు వెంట సైకిల్ బాట ఉంది, చదును. సాంక్ట్ గోవార్‌కి 13 కిలోమీటర్లు, నది అంకెలు చూసుకుంటూ తొక్కడమే. అలిసిపోతే మధ్యలో ఓబర్‌వేజెల్ స్టేషన్ ఉంది.

ఇంటికి, అంటే ఇండియాకి, సీసాలు పట్టుకెళ్ళడం గురించి అడిగారు. సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు, కాబట్టి రెండు. మూడోది పెడితే 2.25 అవుతుంది, దానికి సుంకం కట్టాలి. చేతి సామానులో ఒప్పుకోరు, చెక్ చేసే పెట్టెలో పెట్టాలి. నిండు సీసా బరువు కిలో దాటుతుంది, బరువు హద్దు చూసుకోండి. ఒక్కో సీసాని ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, జీన్స్ ప్యాంటు కాల్లోకి దూర్చి, పెట్టె మధ్యలో పడుకోబెట్టండి. రెండు సీసాలు ఒకదానికొకటి తగలకూడదు, పెట్టె అంచుకి అసలు తగలకూడదు. చీరలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి.